రెండో వరస

ఆ ఎండాకాలం తిరుపతిలో నేను నమూనా పిల్లను. వికలాంగుల సంవత్సరమని ప్రభుత్వం సంగీతం అయ్యవార్లకు సెలవుల్లో శిక్షణ పెట్టింది. మామూలు పిల్లలతో పాటు మాలాంటి వాళ్ళనీ కూర్చోబెట్టి పాట ఎలా నేర్పాలో వాళ్ళు నేర్చుకోవాలి. అందుకు చేతికిందికి ఒక పిల్ల కావాలి కదా, పుత్తూరు దగ్గర మా ఊరినుంచి నన్ను పిలిపించారు.

చిన్నప్పుడు జ్వరమొచ్చి నా కుడిచెయ్యి పడిపోయింది. గొంతుకు ఏ జబ్బూ లేదు. అప్పటికి నాకు పదిహేనేళ్ళు, పాట నేర్చుకోవాలని మహా ఆశ. మా ఊళ్ళో నేర్పే దిక్కు లేదు. ఇక్కడికొచ్చే అయ్యవార్లలో ఒక్కరైనా నన్ను శిష్యురాలిగా పెట్టుకోకపోతారా అని మా నాయన మునిరామయ్య మామిడి కోతలు వదులుకుని మరీ నన్ను బస్సెక్కించుకొచ్చాడు.

మొదటిరోజు వంతు చంద్రకాంతమ్మగారిది. స రి గ మ ప ద ని స పాడించింది. నేను పాడాను. "భేష్!" అంది. ఆ రాత్రి సంతోషంతో అన్నం సహించలేదు. మర్నాడు ఇంకో అయ్యవారి వంతు. ఆయనా స రి గ మ ప ద ని స. మూడోరోజు మరొకరు, అదే సరళీ వరస, మొదటిది. పాఠం మొదలుపెట్టడం ఎలాగో ఒక్కొక్కరూ చేసి చూపించాలట. మొదలుపెట్టడం అందరికీ బ్రహ్మాండంగా వచ్చింది. వాళ్ళ శిక్షణ ముందుకు పోతోంది, నేను గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతున్నాను.

తాళం సంగతి ఇంకా అన్యాయం. మామూలు పిల్లల్లో నా పక్కన కూర్చున్న పంకజాక్షి తొడమీద దెబ్బ వేసి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ పాడేది. నాకు మాత్రం, "నీకొద్దులే తల్లీ, ఊరికే పాడు" అనేవాళ్ళు. ఒకరోజు ఎడమచెయ్యి ఎత్తాను. చంద్రకాంతమ్మగారు మెత్తగా పట్టుకుని కిందికి దించింది.

"ఎడం సేత్తో తాళం ఎయ్యగూడదు పాపా. సరస్వతికి కోపమొస్తాది."

పంకజాక్షి శ్రుతి తప్పితే వెంటనే చీవాట్లు పడేవి. నేను ఎలా పాడినా ఆహా, ఓహో. ఆ ఆహాలు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పంకజాక్షి అదృష్టం చూసి ఏడుపొచ్చేది.

చివరిరోజు శిక్షణ చూడటానికి ఆఫీసరు వచ్చాడు. పొద్దున సత్రంలో నాకు జడ వేస్తూ నాయన నిట్టూర్చాడు.

"రేపు ఊరికి పోదాం మే. ఒక్కరన్నా మన మాటే ఎత్తలేదు."

ఆ రోజు వంతు బాలసుబ్రమణ్యంగారిది. పుత్తూరు బళ్ళో అయ్యవారు. నవ్వని మొహం. ఆఫీసరు ముందు కూర్చోవాలంటే ఆయనకూ బెరుకుగానే ఉన్నట్టుంది, శ్రుతిపెట్టె రెండుసార్లు సర్దుకుని "స" అన్నాడు.

నాకు ఓపిక చచ్చిపోయింది.

"అది వచ్చు సార్. రెండోది సెప్పండి."

"గమ్మునుండు మే, ఆపీసరు ఉండారు" అంటూ చంద్రకాంతమ్మగారు వెనకనుంచి గుడ్లురిమింది. బాలసుబ్రమణ్యంగారు నన్ను ఎగాదిగా చూశాడు.

"తాళం ఏస్తావా?"

"కుడిసెయ్యి లేవదు సార్."

"ఎడమది లేస్తాది గదా. ఎయ్యి."

"అయ్యో, ఎడంసెయ్యా!" అన్నారెవరో.

"పాటకు తాళం కావాల. అది ఏ సేత్తో ఏస్తే ఏమి?" అని ఆయన రెండో వరస ఎత్తుకున్నాడు. స రి స రి స రి గ మ.

నేను ఎడమ తొడమీద దెబ్బ వేసి అందుకున్నాను. నాలుగు స్వరాలు దాటేసరికి గొంతు ఒక దారి, చెయ్యి ఒక దారి.

"తప్పు" అన్నాడాయన. "మళ్ళీ."

మళ్ళీ పాడాను.

"తప్పు. సిటికెనేలు యాడికి పోయింది? మళ్ళీ."

ఆఫీసరు మనసు కరిగిపోయింది. "చాల్లెండి మాస్టారూ, పాపం, బాగానే పాడింది" అంటూ కుర్చీలోంచి లేచాడు.

"బాగా పాడలేదు సార్. రెండు తూర్లు తప్పింది. రొంత కూసోండి, పాఠం ఇంకా అయిపోలేదు."

ఆఫీసరు కూర్చున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. కోప్పడ్డాడని ఏడుస్తున్నాననుకుని పంకజాక్షి నా భుజం తట్టింది. నాకైతే ఎగిరి గంతేయాలనుంది.

మూడోసారీ తప్పాను. ఆ తర్వాతా తప్పాను. గంట కొట్టేదాకా ఆ వరస ఒక్కసారీ కుదరలేదు. ఆఫీసరు పొడిపొడిగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తోటి అయ్యవార్లు బాలసుబ్రమణ్యంగారిని జాలిగా చూశారు, మంచి అవకాశం చెడగొట్టుకున్నాడని.

గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసిన నాయన లోపలికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యోరూ, పిల్లకు పాటొస్తాదా?"

"ఈ పొద్దయితే రాలేదు" అన్నాడాయన శ్రుతిపెట్టె మూస్తూ. తర్వాత నావైపు తిరిగి వేలు చూపించాడు. "ఆదివారం పొద్దున్నే పుత్తూరులో మా ఇంటికి రా. ఇది సక్కంగా పాడేదాకా మూడోది మాత్రం సెప్పను, ఏమనుకున్నావో!"

మూడోది! అంతమంది అయ్యవార్లలో నాకొక మూడోది ఉంటుందని అన్నవాడు ఆయనొక్కడే.