చచ్చిన రాజు ప్రాణం మీద ఒట్టు

నా రాత వంకర, మన్నించండి. ముసలితనంలో నేర్చిన అక్షరాలు, తప్పులుంటే సర్దుకుని చదవండి. చేయి నెమ్మది, మట్టిపలకేమో ఆరిపోతోంది. అందుకని సూటిగా చెబుతాను.

సిప్పర్‌లో మా పొరుగింటి లమస్సానికి మొగుడు పోయాడు. పోతూ పోతూ, "ఈ ఇల్లు నీదే" అన్నాడు. ఆ మాట విన్నది ఆమె, మరిది ఇప్కాతుం, ఇద్దరే. అన్నను మట్టిచేసి రాగానే, నేనేమీ వినలేదన్నాడు మరిది.

సాక్షులు లేని తగవు దేవుడే తీర్చాలి. సూర్యదేవుడైన షమష్ గుర్తుగా గుడిలో ఉంచే రంపాన్ని న్యాయాధికారి వాకిట్లోకి తెప్పించాడు. దాన్ని పట్టుకుని, షమష్ పేరూ రాజు ప్రాణమూ చెప్పి ఒట్టేయాలి. ముందు ఇప్కాతుంని పిలిచారు. రంపాన్ని చూడగానే అతను వెనక్కి జరిగాడు.

"నావల్ల కాదయ్యా. పిల్లలు గలవాణ్ణి."

"నిజం చెప్పేవాడికి పిల్లలుంటే ఏంట్రా?" అని గుంపులో ఎవరో నవ్వారు.

అలా ఒట్టు లమస్సాని వంతుకొచ్చింది. ఆమె రంపాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"షమష్ సాక్షి, మన రాజు ప్రాణం సాక్షి. నా మొగుడు ఇల్లు నాకే ఇచ్చాడు."

తీర్పు చెప్పబోతుండగా రేవు వైపు నుంచి ఏడుపులు వినిపించాయి. రాజుండే బాబిలోను నుంచి వచ్చిన పడవవాడొకడు బట్టలు చింపుకుంటూ వాకిట్లో పడ్డాడు. రాజు పోయాడు. మొన్ననే పోయాడు.

లమస్సాని చేతిలోని రంపాన్ని కింద పెట్టేసింది. ఆమె పుట్టేనాటికే ఆయన గద్దె మీదున్నాడు. దేవుళ్లు కూర్చోబెట్టిన ఆ మనిషి కూడా పోతాడని ఆమెకెప్పుడూ తోచలేదు. లేని ప్రాణం మీద ఒట్టేసింది! దేవుడి ముందు అబద్ధమాడినట్టేనా?

"విన్నారా? ఒట్టు చెల్లదు!" ఇప్కాతుం గొంతు అందరి ఏడుపునూ మించి లేచింది. "చచ్చినవాడి ప్రాణం మీద ఒట్టేంటి వదినా? తప్పుకో, నేనేస్తా."

"నువ్వా?" అన్నాడు న్యాయాధికారి.

"నేనే. ఒక్క షమష్ మీద వేస్తా. ఆ రంపం ఇటివ్వండి."

లమస్సాని నిర్ఘాంతపోయింది. ఇందాక వెనక్కి జరిగిన మనిషేనా ఇతను? రంపం కోసం చేయి చాచి ముందుకే వస్తున్నాడు.

రాజు పోయిన దుఃఖంతో న్యాయాధికారి అప్పుడే నెత్తిన దుమ్ము పోసుకున్నాడు. ఆ దుమ్ముతోనే తలెత్తాడు.

"ఒరే, ఇందాక పిల్లలున్నారన్నావు. ఇప్పుడేమయ్యార్రా వాళ్లు? అబద్ధపు ఒట్టుకి రాజు శిక్ష వేస్తాడనేగా నీ భయం? రాజు పోగానే ధైర్యమొచ్చింది. దేవుడంటే నీకెప్పుడూ లెక్కలేదన్నమాట!"

ఇప్కాతుం చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"రాజు పోయాడు గానీ, ఆయన్ని కూర్చోబెట్టిన షమష్ ఎక్కడికీ పోలేదు. ఈమె మొదట పలికింది షమష్ పేరే. ఇల్లు ఈమెదే."

ఆ మాట లమస్సాని చెవికెక్కలేదు. ఇరుగుపొరుగు వాళ్లమే ఆమెను చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాం. గడప దగ్గర ఆగిపోయి నా ముఖంలోకి చూసింది.

"ఒసే, దేవుడి రంపం మీదికి వాడికి చేయెలా లేచిందే?"

రాసింది నరుబ్తుం. అరవై రెండేళ్లు. ఇప్పుడు కిష్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను.