పెనం ముందు ఉగాది

ఉగాదినాడు మనిషి ఎలా గడిపితే ఏడాదంతా అలాగే గడుస్తుందని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. అందుకే ఆ రోజు పిల్లల్ని తిట్టం, పగలు పడుకోం, ఎవరితోనూ మాటా మాటా అనుకోం. కోయిలకుంట్లలో సెనగ పండించే మద్దిలేటికి ఈ పట్టింపు మరీ ఎక్కువ. తెల్లవారగానే కొడుకు వీరభద్రను లేపి, "ఈ పొద్దు మొగం మాడ్చుకోగాకు నాయనా, ఏడాదంతా అట్లే ఉంటావు," అని నవ్వించి మరీ తలంటుకు పంపాడు.

అప్పటికే ఆయన భార్య వెంకటేశ్వరమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఉడికిన సెనగపప్పూ బెల్లమూ కలిపి రుబ్బి, పూర్ణం ఉండలు చేసి పెట్టుకుంది. ఒక్కో ఉండను మెత్తటి పిండిలో పొదిగి, నూనె రాసిన ఆకు మీద తట్టి పెనం మీద వేస్తోంది. బక్షాలు లేనిది మన సీమలో ఉగాదే కాదు. బక్షమంటే పెనం మీంచి నేరుగా పళ్లెంలో పడాలి, దాని మీద నెయ్యి కరగాలి. కనుక తినేవాళ్లు కూర్చుంటారు, వండే మనిషి నిలబడుతుంది. అందరూ తిన్నాకే ఆమె తినాలన్నది ఆ ఇంట్లో ఎవరూ చెప్పకుండానే నడుస్తున్న చట్టం.

కర్నూలులో నర్సింగు చదువుతూ పండక్కి వచ్చిన కూతురు అంజలి సాయం చేయబోతే తల్లి ఒప్పుకోలేదు.

"పెండ్లయితే నీకూ తప్పదు గదా. ఈ ఒక్క పొద్దన్నా కూర్చోని తిను తల్లీ."

అంజలి కూడా పోయి పళ్లెం ముందు కూర్చుంది.

మద్దిలేటి తిన్నాడు. వీరభద్ర తిన్నాడు, వాడి స్నేహితులు వచ్చి తిన్నారు. ఎండ ముదిరింది. పంచాంగం వినడానికి పోయిన తండ్రీ కొడుకులు తిరిగొచ్చి మళ్లీ పళ్లేల ముందు కూర్చున్నారు. "అమ్మా, ఇంగొకటి," అని వీరభద్ర కేకేస్తే వంటింట్లోంచి జవాబు రాలేదు. మాడిన వాసన మాత్రం వచ్చింది.

అంజలి పోయి చూసేసరికి వెంకటేశ్వరమ్మ గోడకానుకొని కూలబడి ఉంది. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

"అమ్మా, పొద్దున షుగరు మాత్ర ఏసుకుంటివా?"

తల్లి తలూపింది.

"ఏమన్నా తింటివా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అంజలి గబగబా బెల్లం నీళ్లు కలిపి కొద్దికొద్దిగా తాగించింది. పక్కన గంపలో బక్షాలు, గిన్నెలో పూర్ణం. అంత తీపి మధ్యన ఒక మనిషి ఒంట్లో తీపి లేక పడిపోయింది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంది?

కాసేపటికి వెంకటేశ్వరమ్మ కళ్లు తేటపడ్డాయి. "పెనం మీదది తిరగేసినారా?" అని అడిగింది.

ఎవరికీ నవ్వు రాలేదు. మద్దిలేటి వచ్చి గడప మీద చతికిలబడ్డాడు.

"పోయినేడు ఉగాదికి నువ్వు యాడుంటివే?"

"ఈడనే."

"అంతకు ముందేడు?"

"ఈడనే ఉంటి, యాడికి పోతా? ఎందుకడుగుతాండావు?"

ఆయన మనసులోనే పాత ఉగాదులు లెక్కపెట్టుకున్నాడు. పండగనాడు నవ్వించిన కొడుకు మర్నాటికే మొహం ముడుచుకునేవాడు. ఆ రోజు పోట్లాడని దాయాదులు వారం తిరక్కుండా పొలం గట్టు కోసం పోట్లాడుకునేవాళ్లు. ఇన్నేళ్లుగా తాను పట్టుకు వేలాడిన ఆ నమ్మకం ఒక్క ఈమె విషయంలోనే నిజమైంది. ఉగాదినాడు ఆకలితో పొయ్యి దగ్గర నిలబడింది, ఏడాది పొడుగునా అలాగే నిలబడింది.

"నాకు శానా అలుపుగా ఉండాది. రోంతసేపు పండుకుంటా," అందామె. అంతలోనే నాలుక కరుచుకుంది. "ఉగాదినాడు పండుకోగూడదు గదా."

"పండుకో," అన్నాడు మద్దిలేటి. "తిని పండుకో. ఏడాదంతా అట్లే తిని పండుకుందువు."

లేచి పెనం తుడిచి, చేతకాని చేత్తోనే ఒక బక్షం తట్టి కాల్చాడు. అది వంకరగా వచ్చింది, ఒక పక్క మాడింది. దాని మీద నెయ్యి వేసి భార్య ముందు పెట్టాడు. ఆ ఇంటికి వచ్చాక ఆమె వేడి బక్షం తినడం అదే మొదలు.

దేవుడికి పెట్టాక మొదటి వేడి బక్షం వండిన చేతికి అందాలి. అందని ఇంట్లో ఎన్ని ఉగాదులు వచ్చినా నడిచేది పాత సంవత్సరమే.