పద్మక్క యాక్ ఎక్కిన రోజు

పన్నెండేళ్ళుగా మా విమానం మొహం చూడనని భీష్మించుకున్న పద్మక్క, ఆ శనివారం పొద్దున దాన్ని ఎక్కుతానని బయల్దేరి వచ్చింది. చక్రపాణి గారి కారు హ్యాంగర్ ముందు ఆగడం, అందులోంచి ఆయన భార్య పద్మక్కే దిగడం చూసి నా చేతిలో పానా జారి కింద పడింది. స్వెటర్ మీద స్వెటర్, తలకి మఫ్లర్, కాళ్ళకి కొత్త స్నీకర్లు.

"ఏంటక్కా, దారి తప్పావా?" అన్నాను.

"నోరు మూసుకుని కుర్చీ వెయ్యి" అంది.

మా విమానం అంటే నాదీ, చక్రపాణి గారిదీ. పేరు యాక్-52. సోవియట్ రోజుల్లో పైలట్లకి ఓనమాలు దిద్దించడానికి తయారైన రెండు సీట్ల బండి. ముందొకరు, వెనకొకరు. ముక్కులో గుండ్రంగా తొమ్మిది సిలిండర్ల ఇంజిన్. స్టార్ట్ చెయ్యాలన్నా, చక్రాలు దించాలన్నా, బ్రేకు వెయ్యాలన్నా సీసాలో నింపిన గాలే దిక్కు. ఆ గాలి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట బుస్సుమని కారుతూనే ఉంటుంది. మీటర్ల మీదంతా రష్యన్ అక్షరాలు. అమెరికా విమానాలకి ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే దీనికి రెండో వైపు తిరుగుతుంది. అలవాటు చొప్పున పాత వైపు పెడల్ తొక్కామా, రన్‌వే వదిలేసి గడ్డిలోకి పోతాం. నేను పోయాను కూడా. ఆ రోజు వెనక సీట్లోంచి చక్రపాణి గారు తిట్టిన తిట్లు మా అమ్మ కూడా తిట్టలేదు.

లైసెన్స్ ఎవరో అమెరికన్ దగ్గర తీసుకున్నాను గానీ, నాకు నిజంగా ఎగరడం నేర్పింది ఆయనే. ఈ అమెరికాలో, కాపెల్ అనే ఊళ్ళో మా వెనక వీధిలోనే ఉంటారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన లోకమంతా ఈ హ్యాంగరే. నేనా, వారమంతా ఆఫీసులో డేటాబేస్‌లతో కుస్తీ పట్టి, శనివారం వస్తే చాలు, గ్రీజు పూసుకోవడానికి పరిగెత్తుకొస్తాను. ఆయన్ని గురువు గారూ అంటాను. సగం వేళాకోళం, సగం నిజం.

"చూశావా అమ్మాయ్! రాత్రి అన్నం తింటూ తనే అంది, రేపు నేనూ వస్తాను, ఎక్కించండి అని. నాకు నిద్ర పడితే ఒట్టు" అన్నారు చక్రపాణి గారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ముఖం మతాబాలా వెలిగిపోతోంది. నాకూ సంతోషమే అనిపించింది. పద్మక్క మాత్రం కుర్చీలో బిగుసుకుని కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ వంచుకుంటూ ఆయన్నే చూస్తోంది.

ఇలాంటి ఇంజిన్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. కొన్నాళ్ళు కదలకుండా పడుంటే ఆయిల్ మెల్లగా కింది సిలిండర్లలోకి దిగి కూర్చుంటుంది. చూసుకోకుండా స్టార్ట్ చేస్తే, నలగని ఆయిల్‌ని నలగ్గొట్టబోయి లోపలి కడ్డీలే వంగిపోతాయి. అందుకని ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి చూడాలి. మెత్తగా అడ్డం తగులుతూ తిరిగితే సరే. గోడకి కొట్టుకున్నట్టు ఆగితే అక్కడితో ఆపి, కింది స్పార్క్ ప్లగ్‌లు విప్పి ఆయిల్ వంపెయ్యాలి. ఎవరు నడుపుతారో వాళ్ళే తిప్పాలన్నది చక్రపాణి గారి పట్టింపు. ఆ నెలంతా మంచూ వానా పడి మేము బండి బయటికే తియ్యలేదు.

ఇద్దరం కలిసి విమానాన్ని ఎండలోకి తోశాం. ఆయన ప్రొపెల్లర్ రెక్క పట్టుకుని లాగారు. కొంచెం కదిలి ఆగింది. మళ్ళీ లాగారు. ఆగింది.

"లాక్ అయింది. ఆయిల్ దిగింది" అన్నారు.

అనుకున్నదే. నేను ముక్కు మీది రేకు తెరిచి, కింద గిన్నె పెట్టి, కింది ప్లగ్‌లు విప్పాను. ఇలాంటప్పుడు బుడబుడమని ఆయిల్ కారాలి. కారలేదు. నాలుగు చుక్కలు పడి ఊరుకుంది.

"ఇప్పుడు తిప్పండి" అన్నాను. ఆయన లాగారు. ఆగింది. "ఇంకా ఉంది లోపల" అన్నారు, నా వైపు చూడకుండా.

నాకు ఓపిక తక్కువ. "జరగండి గురువు గారూ" అని ఆయన్ని పక్కకి తప్పించి నేనే రెక్క పట్టుకుని లాగాను. హాయిగా తిరిగింది. ఇంకోసారి లాగాను. మళ్ళీ తిరిగింది. ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు.

తలతిప్పి చూస్తే ఆయన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే వదిలేశారు. "ఆ, ఇప్పుడు వదిలింది" అన్నారు నవ్వబోతూ.

నేను ప్లగ్‌లు బిగించడం మొదలుపెట్టాను. బిగిస్తుంటే ఒక్కొక్కటే వెలిగింది. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ, నువ్వు నేర్చుకోవాలి అమ్మాయ్ అంటూ పానాలన్నీ నా చేతికే ఇస్తున్నారు. గురువు గారికి నా మీద నమ్మకం కుదిరిందని నేను మురిసిపోయాను. నా బొంద! మనిషికి చేతిలో పట్టు లేదు. ఈ విమానంలో వేగం పెంచే థ్రాటిల్, చక్రాలు దించే మీట, అన్నీ ఎడమ చేతి వైపే. ఆ చేత్తో ఇవాళ పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఆకాశంలోకి పోతానంటున్నాడు.

ఒళ్ళు మండిపోయింది. పానా పడేసి, "ఒకసారి ఇటు రండి" అని ఆయన్ని తోక వైపు తీసుకెళ్ళాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

బుకాయిస్తారనుకున్నాను. బుకాయించలేదు. "అక్టోబర్‌లో. పద్మ ఆస్టిన్‌లో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది చూడు, అప్పుడు. పొద్దున లేచేసరికి చెయ్యి నాది కాదనిపించింది. మైల్డ్ స్ట్రోక్ అన్నాడు డాక్టర్. లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పి థెరపీకి వెళ్తున్నా. చాలా నయం, వసుమతీ. నిజం."

"ప్రొపెల్లర్ తిప్పలేకపోయారు!"

"మెల్లగా మాట్లాడు. పద్మ వింటుంది."

"అక్కకి తెలీదా?"

"తెలిస్తే ఈ గడప తొక్కనిస్తుందా?"

"స్ట్రోక్ వచ్చాక పైలట్ సీట్లో కూర్చోకూడదని నాకు పాఠం చెప్పింది మీరు కాదూ? పైన చెయ్యి మొండికేస్తే? చక్రాలు దిగకపోతే? ఆమె వెనక కూర్చుని ఏం చేస్తుంది, కాఫీ పోస్తుందా?"

ఆయన విమానం తోక మీద కుడి చెయ్యి వేసి నిలబడ్డారు. "ఒక్క రౌండ్, అమ్మాయ్. పల్టీల్లేవు, ఏం లేవు. సరస్సు దాకా వెళ్ళి వచ్చేస్తా. పన్నెండేళ్ళు బతిమాలాను దాన్ని. ఇవాళ తనంతట తను వస్తానంది. ఇదొక్కటీ అయ్యాక నేనే మానేస్తా. నీ మీద ఒట్టు."

ఆ మనిషి చెంప వాయించాలన్నంత కోపం వచ్చింది. ఆ నిమిషంలోనే కావలించుకుని ఏడవాలన్నంత జాలీ వేసింది. ఆయన కళ్ళల్లోకి చూస్తే సరేనంటానేమోనని భయం వేసి, వెళ్ళి విమానం రెక్కకి అడ్డంగా నిలబడ్డాను.

"ఈ రెక్క ఎక్కాలంటే నన్ను తోసేసి ఎక్కండి" అన్నాను.

"అక్కర్లేదు" అంది పద్మక్క.

ఎప్పుడొచ్చిందో, విమానానికి అవతలి వైపు నిలబడి ఉంది. చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది. చక్రపాణి గారి ముఖం పాలిపోయింది.

"రేకుల షెడ్డు పక్కన గుసగుసలాడితే వినపడదనుకున్నారా? విననక్కర్లేదు కూడా. నాకు దీపావళి నాడే తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ బొత్తాల చొక్కా తప్ప వెయ్యని మనిషి టీషర్టుల్లోకి దిగితే, నేనేమన్నా గుడ్డిదాన్నా?"

"పద్మా..." అన్నారాయన.

"మాట్లాడకండి. అడిగితే అబద్ధం చెప్తారు. మీ నోటి వెంట అబద్ధం వినడం ఇష్టం లేక అడగలేదు. మీరు మానేస్తారని చూశా. సంక్రాంతికి మానేస్తారు, మంచు పడితే మానేస్తారు అనుకుంటూ కూర్చున్నా. ఇవాళ మళ్ళీ వెళ్తానన్నారు. అందుకే నేనూ ఎక్కుతానన్నా. నన్ను కూర్చోబెట్టుకుని చచ్చినా ఎగరడు, కారులోనే నిజం చెప్పేస్తాడు అనుకున్నా. దారంతా మీ మొహం చూస్తూ కూర్చున్నా. చెప్పారా? బెల్టు ఎలా పెట్టుకోవాలో చెప్పారు!"

ఆ చివరి మాట దగ్గర ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

చక్రపాణి గారు అక్కడే గచ్చు మీద కూలబడ్డారు. "నువ్వు వస్తానన్నావని సంతోషం. ఆ సంతోషంలో చెయ్యి గుర్తు రాలేదు" అన్నారు.

"గుర్తు రాలేదా?"

ఆయన తల దించి ఆ చేతినే చూసుకున్నారు. "వచ్చింది. పక్కన పెట్టేశాను" అన్నారు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అంత పెద్దమనిషి ఏడుపు నేనెన్నడూ చూడలేదు. పద్మక్క కప్పు కింద పెట్టి, ఆయన పక్కన గచ్చు మీదే కూర్చుని, ఆ ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. నేను గిన్నెలో ఆ నాలుగు చుక్కల ఆయిల్‌ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. తుడవడానికి అందులో ఏమీ లేదు.

చాలాసేపటికి ఆయన లేచారు. ముఖం తుడుచుకుని, "వసుమతీ, ముందు సీట్లో నువ్వు కూర్చో. పద్మని తీసుకెళ్ళు" అన్నారు.

"నేనెందుకు ఇప్పుడు?" అంది పద్మక్క. "ఇంటికి పోదాం పదండి."

"వద్దు. ఇంత దూరం వచ్చావు. నేను ఏం చూసుకుని ఇన్నేళ్ళు దీన్ని పట్టుకు వేళ్ళాడానో ఒక్కసారి చూడు. చూశాక తిట్టు."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నన్ను చూసింది. "నీకు వచ్చా అసలు?" అంది.

"గురువు గారు నేర్పారు" అన్నాను.

ఆయనే దగ్గరుండి ఆమెని వెనక సీట్లో కూర్చోబెట్టారు. బెల్టుకి ఒక కొస ఆయన కుడి చేత్తో పట్టుకుంటే, రెండో కొస ఆమె పట్టుకొచ్చి తగిలించింది. నేను మిగిలిన ప్లగ్‌లు బిగించి, రేకు మూసి, ప్రొపెల్లర్ తిప్పి, ఎక్కి కూర్చుని, గాలి వదిలాను. ఇంజిన్ దగ్గి, తెల్లటి పొగ కక్కి, అందుకుంది. ఆయన గడ్డి అంచున నిలబడ్డారు. మేము ఎగిరేటప్పుడు కూడా అక్కడే ఉన్నారు.

పైకెక్కాక చలి, ఎండ, కింద బొమ్మల్లాంటి ఇళ్ళు. సరస్సు వెండి పళ్ళెంలా మెరుస్తోంది. హెడ్‌సెట్‌లో పద్మక్క ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. భయపడుతోందేమోనని అద్దంలో చూశాను. భయం కాదు. తల ఒక పక్కకి ఆనించి, నీళ్ళు నిండిన కళ్ళతో కిందికి చూస్తోంది.

"ఇంత బావుంటుందని చెప్పొచ్చుగా ముసలాయన" అంది.

"పన్నెండేళ్ళు చెప్పారక్కా."

"ఊఁ" అంది.

నా నోరు ఊరుకోదు కదా, అడిగేశాను. "అక్కా, ఇవాళ నేను అడ్డం పడకపోతే, ఆయన ఆగకపోతే ఏం చేసేదానివి? చెయ్యి సంగతి నీకు తెలుసుగా. ఎక్కేదానివి కాదుగా?"

"ఎక్కేదాన్నే" అంది. ఆలోచించుకోకుండా అంది.

"అక్కా!"

"ఒక్కణ్ణే ఎలా పంపను?"

ఆయన ఆమెని ప్రమాదంలో పెట్టబోయాడని గంటసేపు ఆయన మీద మండిపడ్డాను. ఈవిడ తెలిసి తెలిసి బెల్టు పెట్టుకుని కూర్చోవడానికి వచ్చింది. కళ్ళు మసకబారితే గ్లోవుతో తుడుచుకున్నాను, విమానం ముక్కు కొంచెం పక్కకి పోయింది.

"ఏయ్, ఏడుపు తర్వాత. ముందు చూసి నడుపు" అంది పద్మక్క వెనకనుంచి. "ఆయన కింద నిలబడి నీ తప్పులన్నీ లెక్కపెడుతూ ఉంటారు."