బోణీ మూట

టోలోముష్ బండి పట్టుకొయ్యకు పొట్ట ఆనించి, నడుముకున్న ఉన్ని పట్టీని ఇంకాస్త బిగించాడు. బిష్కెక్ పెద్ద బజారులో దుకాణాలు అప్పుడే తెరుచుకుంటున్నాయి. పరదాల దుకాణాల వరుసకు సరుకు మోసేది అతనే. బజారు న్యాయం సూటిగా ఉంటుంది: మోసేవాడు కొన్నాళ్ళు కనిపించకపోతే వరుస ఇంకొకడిది.

వెన్నుపూసల మధ్య మెత్త జారిందనీ, ఆపరేషన్ చేయాలనీ ఆసుపత్రిలో అన్నారు. కోత పెట్టించుకుని మళ్ళీ బండి పట్టిన కూలీ ఒక్కడూ అతనికి తెలీదు. అందుకే చలికాలమంతా కత్తి లేని వైద్యం వెతికాడు. కొనేముందు గుడ్డను వేళ్ళతో నలిపి చూసినట్టు ఒక్కోదాన్నీ చూశాడు. పచ్చి గొర్రెతోలు చుట్టుకుంటే తెల్లారేదాకా హాయి. వ్యాయామం నేర్పే డాక్టరమ్మ చెప్పినట్టు కడ్డీకి వేలాడితే మధ్యాహ్నం దాకా హాయి. నిన్న టోక్‌మోక్‌లో ఎముకలు సర్దే సాకిన్ అవ్వ అతన్ని బోర్లా పడుకోబెట్టి, బొటనవేళ్ళతో వెన్ను వెంట తడుముతూ దిగి, ఒక్క నొక్కు నొక్కింది. టక్కుమంది. కుడికాలిలోకి పాకే మంట ఆగిపోయింది. అవ్వ నడుముకు ఉన్ని పట్టీ చుట్టింది.

"గుర్రప్పిల్లలా గెంతకురా," అంది అవ్వ. "పట్టీ నేను విప్పేదాకా దుప్పటి కూడా ఎత్తొద్దు."

అందుకే ఇవాళ మొయ్యడానికి రాలేదు. వరుసలో కనిపించి పోదామని ఖాళీ బండి తోసుకొచ్చాడు. లెక్క మంచిదే. నోరే ఆగలేదు.

"నడుమెలా ఉంది తమ్ముడూ?" అంది పరదాలమ్మే బురుల్‌చా.

"పెళ్ళికొడుకులా ఉన్నానక్కా!"

"ముసలి పెళ్ళికొడుకూ! అయితే రా, లారీ వచ్చింది. బోణీ నీదే."

బోణీ మూటను కాదంటే ఆ రోజు వరుస మొత్తానికీ అచ్చిరాదు. అతనెన్నడూ కాదనలేదు. దుకాణాల వాళ్ళంతా చూస్తున్నారు.

"చిన్నదేనా అక్కా?"

"బోణీకి చిన్నా పెద్దా ఏంటయ్యా?"

అరువు తెచ్చుకున్న ఆరోగ్యాన్ని ఎవరూ మొదటి బేరానికే పెట్టకూడదు. అతను పెట్టాడు. మూట భుజందాకా వచ్చింది. కుడికాలు ఎక్కడుందో వెతుకుతున్నట్టు కిందికి చూసి కూలబడ్డాడు.

పరదాల బేళ్ళ మీద పడుకోబెట్టారు. బూట్లు విప్పుతూ, పట్టీ చూసి, బురుల్‌చా ఏడ్చింది. "ఎత్తకూడదని చెప్పొచ్చు కదరా, మొండి గాడిదా!"

"చెబితే నీ బోణీ చెడేది కదక్కా."

ఆసుపత్రి వద్దన్నాడు. నారిన్ కొండల్లో భార్య ఉన్న ఊరికి వ్యాను వెనక సీట్లో పడుకోబెట్టి పంపారు. సాయంత్రానికి వరుసలోకి ఇంకొకడి బండి వచ్చింది. బేరాలు ఆ రోజు బాగానే సాగాయి. దుకాణం మూయబోతూ బురుల్‌చా బేళ్ళ పక్కన అతని బూట్లు చూసింది. కుడిదాని మడమ కొత్తదానిలాగే ఉంది; ఎడమదాని మడమ మేకులు బయటపడేదాకా అరిగిపోయింది.