కిరీటం లేని హెచ్చరిక

మా వాతావరణ కార్యాలయంలో పెద్దసారుకు నేను పెట్టుకున్న పేరు కిరీటం. పైకి అనను, ఉద్యోగం కావాలి కదా. తుఫాను రానీ, వడగాలి రానీ, జనం ఫోన్లకు మేం పంపే ప్రతి హెచ్చరికా ఒకేలా మొదలవుతుంది. గౌరవనీయులైన సంచాలకులు, ఆయన పేరు, పేరు వెనక డిగ్రీలు, వారి దార్శనిక మార్గదర్శకత్వంలో జారీ చేయడమైనది. ఆ తర్వాత, చదివేవాళ్లకు ఓపిక మిగిలితే, వాన సంగతి. రాసేది నేనే. రాసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

పోయిన నెల హెచ్చరికలను మెరుగుపరచాలని సదస్సు పెట్టారు. పొద్దంతా కూర్చుని తేల్చిందేమిటయ్యా అంటే, ఆయన పేరు పక్కన ఒక గొడుగు బొమ్మ! ఫోన్ తెర మీద ముందు పై వరసలే కనబడతాయి, అసలు మాట పైకి తెద్దాం సార్ అన్నాను. కిరీటం నావైపు జాలిగా చూశాడు.

"ఎవరు చెప్పారో తెలియకపోతే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు.

చుట్టూ ఉన్న తలకాయలన్నీ ఊగాయి. తల ఊపడానికే జీతమిచ్చే ఆఫీసు మరి.

నా బెంగంతా ఊరి జనం కోసమే అంటే అబద్ధం. మా మావయ్య కోసం. అమ్మ తమ్ముడు. కాలువ పక్క వీధిలో, రోడ్డుకన్నా పల్లంలో ఉన్న గదిలో అత్తయ్యతో ఉంటాడు. అత్తయ్యకు మోకాళ్లు పనిచేయవు, ఆ మెట్లెక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మావయ్యకు చూపు ఆనదు. ఫోన్లో అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నాడంటే తెరంతా కిరీటం డిగ్రీలే నిండిపోతాయి. వాటిని ఒక్కొక్కటీ పైకి జరుపుకుంటూ భక్తిగా చదువుతాడు. మనుషులు నోటితో చెప్పేదంతా ఆయన దృష్టిలో పుకారే. నేను ఫోన్ చేసి చెప్పినా, ఊరికే కంగారుపడకు, ఆఫీసు నుంచి రానీ చూద్దాం అంటాడు. ఆ ఆఫీసులో ఉన్నది నేనే కదా మావయ్యా అంటే నవ్వేస్తాడు. తను ముక్కు తుడిచి పెంచిన పిల్ల మాట ఏ మేనమామ లెక్కచేశాడు గనక.

ఆ మధ్యాహ్నం, ఎగువన కురిసిన వానకు కాలువ పొంగుతోందని తెలిసింది. చీకటి పడేలోగా పల్లపు వీధులు మునుగుతాయి. కిరీటం ఎక్కడో రిబ్బను కత్తిరిస్తున్నాడు, ఫోన్ తీయడు. మావయ్యకు చేశాను. అదే పాట, ఆఫీసు నుంచి రానీ అని. సరే, ఆఫీసు నుంచే రప్పిస్తాను అనుకున్నాను. గౌరవనీయుల్నీ, డిగ్రీలనూ, గొడుగునూ ఒక్క దెబ్బతో చెరిపేశాను. కాలువ నీళ్లు మీ వీధిలోకి వస్తున్నాయి, ఇప్పుడే పై అంతస్తుకు వెళ్లండి, అని మాత్రం రాసి పంపేశాను. ఆ మాటలు మావయ్య తెర మీద ఎంత పెద్ద అక్షరాలతో పడి ఉంటాయోనని మురిసిపోయాను కూడా.

నీళ్లు వచ్చాయి. వీధిలో చాలామంది అప్పటికే మేడలెక్కారట. మావయ్య ఎక్కలేదు. పై వాటాలో ఉండే దర్జీ, అతని భార్య ఛాతీలోతు నీళ్లలో దిగి అత్తయ్యను కుర్చీతో సహా బయటికి లాక్కొచ్చారు.

ఆసుపత్రి వరండాలో మావయ్య తడిబట్టలతోనే కూర్చుని ఉన్నాడు. లోపల అత్తయ్యకు ఆక్సిజన్ పెట్టారు, ఇంకా కళ్లు తెరవలేదు. మెసేజ్ చూడలేదా అని ఆయన మీద అరిచినంత పనిచేశాను.

"చూశానే," అన్నాడు. "మీ సారు పేరు లేదు. మీ ఆఫీసుదైతే ఎప్పుడూ ఆయన పేరే ముందుంటుంది కదా. ఎవడో దొంగ మెసేజ్ పెట్టాడనుకున్నా. అసలుది వస్తుందని చూస్తూ కూర్చున్నాం."



టీవీ వాళ్లు వస్తే వాళ్లకూ అదే చెప్పాడు. మర్నాడు కిరీటం తన గదికి పిలిచాడు. పీకేస్తాడనుకుని వెళ్లాను. కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

"నేను ముందే చెప్పలే?" అన్నాడు.

ఆ మొహంలో తృప్తి చూస్తే ఆ టీ అక్కడే గుమ్మరించాలనిపించింది. ఏళ్ల తరబడి తన పేరే మేపి మేపి, అది లేకపోతే మునిగిపోయేలా జనాన్ని తయారుచేసిన మహానుభావుడు. ఇప్పుడు మా అత్తయ్య మునగడం కూడా ఆయన గొప్పకే సాక్ష్యం. తిడదామని నోరు తెరిచాను. ఏమని తిట్టను? మావయ్య ఆయన పక్షానే ఉన్నాడు.

సాయంత్రానికి ఎగువన మళ్లీ వాన మొదలైంది. బట్టలు తెచ్చుకోవాలని మావయ్య ఆ పల్లపు గదికే వెళ్లాడట. గౌరవనీయులైన సంచాలకులు అని మొదలుపెట్టి, ఒక్క డిగ్రీ కూడా వదలకుండా కొట్టాను. పేరు పక్కన గొడుగు కూడా పెట్టాను. మావయ్య నమ్మాలి కదా.