తడి ఎంతదాకా

నేను ఒక సన్నని ఉక్కు కడ్డీని. మూరకు కాస్త ఎక్కువ పొడవుంటాను. తలకు పసుపురంగు ప్లాస్టిక్ ఉంగరం, అడుగున రెండు గాట్లు, ఇంతే నా సొగసు. మెకానిక్కులు నన్ను ఆయిల్ గేజ్ అంటారు. ఇంజన్ పక్కన ఒక సన్న గొట్టంలో నిలువునా దిగి ఉంటాను. అడుగున ఆయిల్ ఎంతుందో చూసి, ఎవరైనా పైకి లాగినప్పుడు చెప్పడం నా ఉద్యోగం. రెండు గాట్ల మధ్య తడి ఉంటే అంతా క్షేమం. కింది గాటు కూడా తడవకపోతే బండి స్టార్టు చేయకూడదు. చేస్తే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని, కాలిపోయి, ఇంజన్ బిగుసుకుపోతుంది.

మనుషులు నన్ను అడిగే పద్ధతి చూస్తే నాకు భలే వింత. పైకి లాగుతారు, నేను చెప్పింది చూడకుండానే గుడ్డతో తుడిచేస్తారు, మళ్ళీ ముంచి లాగి అప్పుడు నమ్ముతారు. గొట్టం గోడలకు అంటిన జిడ్డు నాకూ అంటుతుంది కాబట్టి అందులో న్యాయం లేకపోలేదు. అయినా మొదటి మాటకు విలువ లేకపోవడం ఎవరికైనా కాస్త చిన్నతనమే కదా.

పూణే దగ్గర ఒక షెడ్డులో ఉక్కు పట్టీని కోసి, మెలిపెట్టి, గాట్లు కొట్టి నన్ను తయారుచేశారు. అక్కడినుంచి ఈ ఏడు సీట్ల డీజిల్ బండిలోకి వచ్చాను. మొదటి యజమాని బళ్ళారి కాంట్రాక్టరు. బండికి బానెట్ అనేది ఒకటుందని ఆయనకు తెలుసో లేదో నాకు ఈనాటికీ అనుమానమే. ఆయన దగ్గర విసిగిపోయాక బండి ఆదోనికి వచ్చింది. పత్తి మిల్లులో లెక్కలు రాసే వీరేశం కొన్నాడు.

వీరేశం మంచివాడు. బండిని ప్రాణంగా చూసుకుంటాడు. ప్రతి పదివేల కిలోమీటర్లకూ చేయవలసిన సర్వీసు ఇంటి ముందున్న రేకుల షెడ్డులో తానే చేస్తాడు. ఫోన్లో వీడియో పెట్టుకుని, చాప పరుచుకుని బండి కిందికి దూరతాడు. మధ్యమధ్య ఒక బోల్టు ఎక్కువైందేమిటని తల గోక్కుంటాడు కూడా. అతనికున్న లోపమల్లా ఒకటే. బండి సంగతులు ఇంట్లో ఎవరికీ చెప్పడు.

బండి నడిపేది మాత్రం అతని భార్య శివలీల. కర్ణాటక సరిహద్దు దగ్గరి పల్లెలో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది. పొద్దున పూట అటు బస్సు లేదు. సాయంత్రానికి ఇల్లు చేరి రెండేళ్ళ కూతురిని ఎత్తుకోవాలంటే ఈ బండి ఒక్కటే దారి. బండి ఆగితే ఉద్యోగమైనా వదులుకోవాలి, లేదా బిడ్డను అత్త దగ్గర వదిలి ఆ పల్లెలోనే గది తీసుకోవాలి. ఆమె ఒకసారి బానెట్ లోపలికి తొంగిచూసి, ఆ పసుపు ఉంగరం దేనికని భర్తను అడిగింది. నీకెందుకు అదంతా, నేను చూసుకుంటా కదా అన్నాడతను. నా గురించి ఆరా తీసిన మొదటి మనిషి ఆమె. ఆ ప్రశ్నకు జవాబు దొరకనందుకు నాకు నిజంగా బాధేసింది.

దసరా వచ్చింది. ఆయుధపూజకు ముందురోజు సాయంత్రం వీరేశం సర్వీసు మొదలుపెట్టాడు. పూజకు బండి కొత్తగా ఉండాలని అతని ముచ్చట. పాత ఆయిల్ మొత్తం బేసిన్‌లోకి వదిలాడు, ఫిల్టరు మార్చాడు, అడుగు బోల్టు బిగించాడు. తీరా కొత్త డబ్బా మూత తీయబోతూ దాని మీద రాసింది చదివి అక్కడే కూలబడ్డాడు. అది పెట్రోలు బళ్ళకు పోసే ఆయిల్. ఈలోగా అతని తల్లి బసమ్మ వచ్చింది. రేపు పూజలో పెట్టాలని పానాలూ, సుత్తీ, జాకీ అన్నీ కడగడానికి పట్టుకుపోయింది. ఆ ఇంట్లో పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పూజ ఎత్తేదాకా ఎవరూ ముట్టరు. డబ్బా పొరపాటు వీరేశం ఎవరికీ చెప్పలేదు. అప్పటికే కొట్లు మూసేసే వేళ కావడంతో బానెట్ మూసి లోపలికి వెళ్ళిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అడుగున నాకు రాత్రంతా ఏమీ తగలకపోవడం అదే మొదలు. ఎటు చూసినా చీకటి, పొడి గాలి. చెబుదామంటే లాగేవాళ్ళు లేరు.

తెల్లవారగానే అతను స్కూటర్ మీద బజారుకు వెళ్ళాడు. ఆయిల్ కొట్టువాడికి కూడా ఆయుధపూజే. పూజ అయ్యేదాకా కొట్లో వస్తువు కదిలేది లేదని అతన్ని బయట నిలబెట్టాడట.

ఇక్కడ బండికి స్నానం అయింది. పూలదండ పడింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బండిని స్టార్టు చేసి వాటి మీదుగా ముందుకు తీయాలి. బసమ్మ రెండుసార్లు వీధిలోకి చూసింది.

"వాడొచ్చేదాంక రాహుకాలం నిలుస్తాదా? నువ్వే తియ్యమ్మా బండిని."

శివలీల తాళం చెవి అందుకుంది. అయితే ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. రోజూ చెయ్యి పడే ప్రతిదానికీ విభూతి రాసి బొట్టు పెట్టాలి. స్టీరింగుకు పెట్టింది, గేరుకు పెట్టింది. ఇంజన్‌కు పెడదామని బానెట్ ఎత్తింది. బ్యాటరీకి పెట్టాక ఆమె చూపు నా మీద పడింది. అడ్డుచెప్పే మనిషి బజారులో ఉన్నాడు. ఉంగరంలో వేలు పెట్టి నన్ను పైకి లాగేసింది.

అంత వెలుతురులోకి అంత ఆత్రంగా నేను ఎప్పుడూ రాలేదు. నా కొసన కాస్త నల్లటి జిడ్డుంది, అంతే. ఆమె దాన్ని పాత గుడ్డతో తుడిచింది. గాట్లను గోటితో తడిమింది. గాట్లున్నాయంటే అక్కడిదాకా ఏదో ఉండాలి కదా అని గొణుక్కుంది. మళ్ళీ ముంచింది, మళ్ళీ లాగింది. ఈసారి జిడ్డు కూడా లేదు. వెండి గరిటెలా మెరుస్తున్నాను. అలా మెరవడం నాకు ఎంత అవమానమో ఆమెకు తెలియదు. అత్తను పిలిచి చూపించింది.

టైము మించిపోతోందని విసుక్కుంటూ వచ్చిన బసమ్మ నన్ను చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఆ ముసలి వేళ్ళు నా కొసను రెండుసార్లు నిమిరాయి.

"మా నాయన బాయిలోకి తాడు దించి చూస్తాండె. తాడు తడిసినంత మేరా నీళ్ళు. ఇది తడవనే లేదు గదమ్మా."

"అట్లయితే లోపల ఏమీ లేదు అత్తా. ఇది స్టార్టు చేస్తే ఏమయితాదో."

రాహుకాలం అని ఇంతసేపూ తొందరపెట్టిన బసమ్మ కోడలి చేతిలోని తాళం చెవి తీసుకుని కొంగున ముడేసుకుంది. పక్కింటివాళ్ళను కేకేసింది. శివలీల నన్ను మళ్ళీ గొట్టంలోకి దించి, సీట్లో కూర్చుని గేరు తప్పించి, బ్రేకు వదిలింది. వెనకనుంచి నలుగురు తోశారు. వాళ్ళ మధ్యలో పట్టుచీర దోపుకుని బసమ్మ కూడా ఉంది. బండి చప్పుడు లేకుండా కదిలి నిమ్మకాయలు చిదిమింది.

సరిగ్గా అప్పుడే వీరేశం సందు మలుపు తిరిగాడు. కదులుతున్న బండిని చూసి స్కూటరును స్టాండు కూడా వేయకుండా వదిలేసి, ఆపండి ఆపండి అంటూ పరుగెత్తుకొచ్చాడు. బండిని వెనకనుంచి తోస్తూ తల్లి ఆయాసపడుతూ కనిపించేసరికి అతని కాళ్ళు ఆగిపోయాయి. జాలేసింది నాకు. కోపమూ వచ్చింది.

శివలీల బండి దిగింది. కేకలు వేయలేదు.

"ఆయిల్ లేదని రాత్రే చెప్పింటే ఏమయ్యేది?"

"తప్పు డబ్బా తెచ్చినానని నవ్వుతావనుకున్నా."

"నా ఉద్యోగం ఆ ఇంజన్లోనే ఉందండీ. నవ్వితే నవ్వేదాన్ని."

అతను తల వంచుకుని వెళ్ళి, పడిపోయిన స్కూటరు దగ్గరనుంచి కొత్త డబ్బా తెచ్చాడు. పానాలు పూజలో ఉన్నాయి గానీ ఆయిల్ పోయడానికి పానాతో పనిలేదు. పోసి, కాసేపు ఆగి, అలవాటు కొద్దీ నా ఉంగరం వైపు చెయ్యి చాపాడు. అక్కడ శివలీల చెయ్యి అప్పటికే ఉంది.

నన్ను లాగి తుడిచి, ముంచి లాగింది. పై గాటు దాకా తడి. బసమ్మ కొంగు ముడి విప్పి తాళం చెవి ఇచ్చింది. ఇంజన్ హాయిగా పలికింది. కాసేపు తిరగనిచ్చి ఆపారు. ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి శివలీల మళ్ళీ నన్ను లాగింది. తడి పై గాటుకు కాస్త దిగువన నిలిచింది. ఇందాక నిండుగా ఉంది కదా, ఇప్పుడెందుకు తగ్గిందని అడిగింది. నీకెందుకు అన్న మాట అతని నాలిక చివరిదాకా వచ్చి ఆగడం నేను చూశాను. కొత్త ఫిల్టరు కొంత తాగుతుందని నెమ్మదిగా చెప్పాడు. అట్లనా అని తల ఊపిందామె. తర్వాత గుడ్డ కోసం అతను చాపిన చేతిలో ఆయిల్ డబ్బా పెట్టింది.

"కొంచెం కొంచెంగా పోయండి. చాలని నేను చెప్తా."

అతను పోశాడు. ఆమె నన్ను ముంచి చూసింది, ఇంకొంచెం అంది. మళ్ళీ పోశాడు. ఆమె చాలు అన్నాక మూత పెట్టాడు.