సముద్రం దాటిన సద్ది

రేణుకమ్మ రొట్టె సంగతి చిన్నది, తొందరగానే అయిపోతుంది. అయితే ముందు దేవరాజు బూట్ల గురించి చెప్పాలి. రెండు వేల ఆరులో, చీరలు చూపించడానికి జపాన్ రమ్మని గద్వాల నేతవాళ్లకు పిలుపు రాగానే, సంఘం పెద్ద దేవరాజు బూట్లు కొన్నాడు. అక్కడ గడప గడపకీ అవి విప్పాలని ఎవరూ చెప్పలేదు. ఆయనకు లేసు కట్టుకోవడం రాదు. ఇంట్లో మామ ముందు నోరెత్తని కోడలు స్వరూప, అక్కడ వంగి లేసులు కడుతూ, "మామా, కాలు సక్కగ పెట్టు!" అని కసిరేది.

వాళ్లతో పాటు, మగ్గం నేసే రుక్కమ్మ కూడా వెళ్లింది. ఆమె నోరు మగ్గం కన్నా ఎక్కువ ఆడుతుంది. కండెలకు నూలు చుట్టడానికి రేణుకమ్మ వెళ్లింది. రేణుకమ్మ ఎక్కడ సద్దిమూట విప్పినా, ఆకలితో ప్రాణం పోయినవాళ్లు లేచి వచ్చి వరసగా కూర్చుంటారు. వాళ్లకు పెట్టగా మిగిలిందే ఆమె తింటుంది. మామూలుగా మిగలదు. ఒక కరువేడు మగ్గాల షెడ్డు నుంచి రోడ్డు దాకా వరస పోతే, ఆటోలకు అడ్డమవుతున్నారని దేవరాజు కోప్పడ్డాడు.

ఆ వరసలో ఆమె వెతికేది ఒక్క ముఖాన్నే. భర్త మద్దిలేటి మేస్త్రీ వెంట వలసపోయి తిరిగి రాలేదు. ఎవతెనో ఉంచుకున్నాడని రుక్కమ్మ వాడంతా చెప్పింది.

"వరసల లేడంటే బతికే ఉన్నడు. బతికుంటే ఒస్తడు," అనేది రేణుకమ్మ. మెట్టెలు తీయలేదు. మారుమనువుకు అడిగినవాళ్లను తిప్పి పంపింది.

జపాన్‌లో చివరి రోజు వాళ్లను బస్సులో తిప్పారు. పొద్దున తిండి, తర్వాత యుద్ధం. పెద్ద పెనం మీద క్యాబేజీ, సేమ్యాల్లాంటివి, గుడ్డు వేసి అట్టు పోశారు. దేవరాజు రెండు తిన్నాక, మధ్యలో ఉన్న మాంసం ఏందని అడిగాడు. పంది అని తెలిశాక మూడోది తినలేదు. అక్కడి నుంచి అణుబాంబు పడిన చోటికి తీసుకుపోయారు. అద్దాల పెట్టెలో మాడిపోయిన అన్నం డబ్బా ఉంది. అది తినకముందే పిల్లవాడు పోయాడని వెంట వచ్చిన అమ్మాయి చెప్పింది. రుక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరూ ఆశ్చర్యపోయారు.

అన్నాళ్లూ హోటల్లోనే అన్నం పెట్టడంతో రేణుకమ్మ మూట విప్పనేలేదు. ఆ రోజు పంది అట్టు ముట్టలేదు కాబట్టి, ఏటి ఒడ్డున కూర్చుని ఎండు జొన్నరొట్టెలు బయటికి తీసింది.

పిల్లలొచ్చారు. బడి బట్టలు సగం కాలి ఉన్నాయి.

"ఆగం కాకుండ్రి, అందరికిస్త," అంది రేణుకమ్మ. స్వరూప రొట్టెలు విరిచింది. పల్లీల కారానికి ఒక పిల్ల కళ్లు నలుపుకుంటే దేవరాజు నీళ్లిచ్చాడు.

వరస చివర మద్దిలేటి కూర్చుని ఉన్నాడు.

"ఎప్పుడు పోయినవ్?" అని అడిగింది రేణుకమ్మ.

"మొన్న. జరమొచ్చి పడుంటి. ఇంత అన్నం పెట్టెటోళ్లు లేకపోయిరి."

"గప్పటిదాంక యాడున్నవ్?"

"రాయిచూర్ల."

రాయిచూరంటే గద్వాల నుంచి ఒక్క బస్సు. రుక్కమ్మ పొద్దున పోయి కందులు కొనుక్కుని, పగటి అన్నానికి ఇంట్లో ఉంటుంది.

"ఒక్కనివేనా?"

"ఒకామె ఉండె. జరమొచ్చినంక ఎల్లగొట్టింది."

రుక్కమ్మ నోరు తెరవబోయింది. స్వరూప ఆమె కాలు తొక్కింది.

మద్దిలేటి చెయ్యి చాపాడు. "జర రొట్టె పెట్టు, రేణుకా."

మూటలో ఒక్క రొట్టె ఉంది. అది అందరికీ కనిపించింది, అతనికి కూడా.

"అయిపోయినయ్," అంది రేణుకమ్మ.

అతని ఎదురుగానే ఆ రొట్టె విరిచి, కారం అద్దుకుని, మొత్తం తానే తిన్నది. నీళ్లు తాగింది. గుడ్డ దులిపి మడత పెట్టింది.

గద్వాల వచ్చాక ఆమె సద్ది విప్పితే ఎవరూ రావడం లేదు. రేణుకమ్మ ఇప్పుడు కొంచెం లావైంది.